దరి మీద తెల్లగుడ్డ

టీవీ సీరియల్లో నేను ఏడిస్తే మా వీధి ఆడోళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకుంటారు. మర్నాడు కూరగాయల బండి దగ్గర కనిపించి, "నిన్న భలే ఏడ్చినావు పెద్దమ్మా, గ్లిజరిన్ ఎంత పోసినారు?" అని అడుగుతారు. నేను గ్లిజరిన్ వాడను. కుర్రదాన్నిగా ఉన్నప్పుడూ వాడలేదు. మరి నీళ్ళెట్లా వస్తాయంటే ఇన్నాళ్ళూ ఏదో ఒక మాట చెప్పి తప్పించుకున్నా. అక్షరాలు నాకు ముప్పై దగ్గర పడ్డాక వచ్చినాయి. వచ్చినాయి గదా, ఆ సంగతి రాసి పెడతా. నోటితో చెప్తే మధ్యలో ఎవరో ఒకరు అడ్డం వస్తారు.

మాది విడవలూరుకు తూర్పున సముద్రం పక్క పాళెం. ఊరంతా చేపలు పట్టి బతికే వాళ్ళమే. సరుగుడు తోపు దాటితే ఇసక, ఇసక దాటితే నీళ్ళు. యాభైలు పోయి అరవైలు వచ్చే రోజులు. మోటార్లు అప్పుడు లేవు. మా నాయనా మా అన్నా చీకటితో తెప్ప తోసుకోని పోతే, పొద్దు నడినెత్తికి వచ్చినాక తిరిగొచ్చేవాళ్ళు. వచ్చిన చేపను మా అమ్మా నేనూ గంపలకెత్తుకోని విడవలూరు పోయి అమ్ముకోని వచ్చేవాళ్ళం.

మా పాళెం పద్ధతులు రెండు చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు తెలియదు.

మొదటిది తెల్లగుడ్డ. మా తెరచాపలకూ వలలకూ తుమ్మచెక్క ఉడకబెట్టిన రసం పట్టిస్తాం, ఉప్పుకు కుళ్ళకుండా. అందుకని దరి మీద ఏది చూసినా ఎర్రమట్టి రంగే. తెలుపనేది కంటికి కనపడదు. మగోళ్ళు నీళ్ళమీద ఉండగా ఊళ్ళో ఎవరైనా పోతే, ఇసకదిబ్బ మీద వెదురుగెడకు తెల్లపంచె కట్టి ఎత్తుతారు. అది కనపడిందంటే వల నీళ్ళలో ఉన్నా సరే, లాగి, లాగను కుదరకపోతే కోసి, అందరూ దరికి రావాల్సిందే. పోయింది ఎవరో ఆ గుడ్డ చెప్పదు. ఇసకలో కాలు పెట్టేదాకా ప్రతి మగోడూ తన ఇంటి మనిషే అనుకుంటా తెడ్డు వేస్తాడు.

రెండోది ఏడుపు. తెప్పలు లోపలుండగా దరి మీద ఆడది గొంతెత్తి ఏడవగూడదు. గంగమ్మ చెవిన ఏడుపు పడితే, అది తనకు పెట్టిన మొక్కనుకోని ఎవరినో ఒకరిని ఉంచేసుకుంటుందని మా అవ్వ చెప్పేది. పిల్లప్పుడు కాలికి ఆల్చిప్ప కోసుకున్నా సరే, నోట్లో పైట కుక్కుకోని గుడిసె దాకా పరిగెత్తేదాన్ని. పరిగెత్తే ఓపిక లేనప్పుడు ఉన్నచోటే ఏడ్చేదాన్ని, గొంతు బిగబట్టి. నోరు తెరుచుకుంటాది, కళ్ళు కారతాయి, రొమ్ము ఎగిసిపడతాది, శబ్దం మాత్రం రాదు. మా పాళెంలో ప్రతి ఆడబిడ్డకూ ఇది నడక వచ్చినట్టు వచ్చేస్తాది. అదొక విద్య అని ఎవరూ అనుకోలా.

ఈ రెండూ కాకుండా దురాయి ఒకటుంది. ఊరంతా కూర్చోని పెదకాపు నోటితో వేసే కట్టుబాటును దురాయి అంటాం. పెదకాపంటే మా పాళెం పెద్ద. దురాయి దాటితే ఆ ఇంటి తెప్ప ఇసకమీదే. తొయ్యడానికి ఎవరూ చెయ్యి వెయ్యరు, పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వరు.

అట్లాంటి ఊరికి మద్రాసు నుంచి సినిమా కంపెనీ వచ్చింది.

లారీ ఇసకలో దిగబడిపోతే మేమే తోసి బయటికి తీసినాం. కథలో చేపలోళ్ళున్నారంట, వాళ్ళకు నిజం సముద్రం కావాలంట. పెద్ద వేషం వేసే ఆమె కారులో తోపు దాకా వచ్చి, ఆడినుంచి ఎద్దులబండిలో వచ్చింది. తెల్లగా సన్నగా ఉంది. మంచిది. ఎండకు ముఖం కందిపోతున్నా ఒక్క మాట అనేది కాదు. ఆమెకు గంప నెత్తిన పెట్టుకోని నడవడం నేర్పమని నన్ను పిలిచినారు.

"మోకాళ్ళు వదులు చెయ్యండి అమ్మగారూ. ఇసకలో మడమ ఆనించగూడదు, వేళ్ళమీద తేలిపోవాల" అన్నా.

ఆమె నడిచింది. గంప పక్కకు జారింది. మా మేనత్త అక్కడే కూర్చోని నెత్తళ్ళ చేపలు ఆరబోస్తా ఉంది. ఆమె నోటికి మా పాళెంలో మగోళ్ళు కూడా దారి ఇస్తారు.

"ఆ నడకతో విడవలూరు చేరేటప్పటికి పచ్చి చేపలు ఎండు చేపలవుతాయి తల్లీ" అనింది.

నేను భయపడినా. ఆ నటి మాత్రం పకపకా నవ్వి, "అయితే మీరే వేషం వెయ్యండి అత్తా, నేను ఇక్కడ కూర్చుని చేపలు ఆరబెడతా" అనింది.

"నాకు వేషమిస్తే మీ హీరో పారిపోతాడు. నా మొగుడే పారిపోయి నీళ్ళమీద ఉన్నాడు" అని మేనత్త ఇంకో గుప్పెడు చల్లింది.

నాకు వాళ్ళతో పోవాలని ఉండింది. కళ మీద ప్రేమ అని అబద్ధం చెప్పను. గంప రాపిడికి మా అమ్మ నడినెత్తిన వెంట్రుక లేకుండా పోయింది. పైట కప్పుకోకుండా బయటికి వచ్చేది కాదు. ఆ ఏడు నాకు కూడా నడినెత్తిన దువ్వెనలోకి వెంట్రుకలు రావడం మొదలయింది. ఈ నటి జడ చూస్తే నా మణికట్టంత ఉంది. గంప లేని బతుకొకటి ఉందని నాకు ఆ జడ చూస్తేనే తెలిసింది.

సినిమాలో హీరోయిన్ నేస్తురాలి మొగుడు తెప్పమీద పోయి తిరిగిరాడు. ఆ పిల్ల దరి మీద కూలబడి ఏడవాల. వెనకాల దూరంగా తక్కిన తెప్పలు కనపడాల. మద్రాసు నుంచి తెచ్చుకున్న అమ్మాయి ఒకతె కూలబడి, "అయ్యో దేవుడా" అని ఒక్క కేక పెట్టింది. మా మేనత్త నెత్తళ్ళు వదిలేసి ఒక్క పరుగున పోయి ఆమె నోరు మూసేసింది. ఇంకో ఇద్దరు ఆడోళ్ళు చేతులు పట్టుకున్నారు. డైరెక్టరు లేచి నిలబడినాడు.

"ఏందమ్మా ఇది? షాట్ జరుగుతుంటే!"

"షాటో గీటో, తెప్పలు లోపలుండాయి" అన్నాడు పెదకాపు. ఆయన కూడా ఆ షాట్లో ఉన్నాడు. ముసలి బెస్తవాడి వేషమిచ్చి, ముఖానికి పౌడరు పూసి, ఒక పడవ మీద కూర్చోబెట్టినారు. ఆ పౌడరు ముఖంతోనే వచ్చి అడ్డం నిలబడినాడు. "అవి దరికి చేరినాక ఎంతన్నా ఏడ్చుకోండి. మేం గూడా ఏడుస్తాం."

"దరికి వచ్చేస్తే నాకు వెనకాల తెప్పలెక్కడివండీ?"

కొంతసేపు ఇట్లా జరిగింది. డైరెక్టరు దగ్గర ఒక సహాయకుడుండేవాడు, మా నెల్లూరు వైపు మనిషే, మనుబోలు దగ్గర ఊరు. ఆయన మధ్యలో దూరి, "సార్, గొంతు మనం మద్రాసులో కలుపుకుంటాం గదా, ఇక్కడ శబ్దం లేకపోతే ఏం?" అన్నాడు. పెదకాపు ఆలోచించి, గొంతు లేకపోతే తప్పులేదన్నాడు. ఆ మద్రాసు అమ్మాయికి చెప్పినారు. గొంతు ఆపితే ఆమెకు కన్నీళ్ళు కూడా ఆగిపోయినాయి. రెండు మూడు మాట్లు చూసి డైరెక్టరు టోపీ తీసి ఇసకలో కొట్టినాడు.

"గొంతు లేకుండా ఏడ్చేవాళ్ళు ఈ లోకంలో ఉంటారా?"

మా ఆడోళ్ళంతా గొల్లున నవ్వినారు. మేనత్త నన్ను వీపుమీద ఒక్క తోపు తోసింది. "ఈ పిల్లను చూడండి. చిన్నప్పటినుంచి దీనికి అదే పని."

డైరెక్టరు నన్ను ఎగాదిగా చూసినాడు. ఏడవమన్నాడు. ఏడ్చినా. "రేపు ఇదే టైముకు చేద్దాం" అని సహాయకుడితో చెప్పి, నాతో, "ఇది బాగా వస్తే మద్రాసులో లోపలి సీన్లకు కూడా నిన్నే తీసుకుంటాను. మీ వాళ్ళని అడుగు" అన్నాడు.

మా అమ్మ విన్నట్టే లేదు, చేపలు ఏరుకుంటా ఉండిపోయింది. మా నాయన వల బాగు చేసుకుంటా, "ముందు రేపు కానీ బిడ్డా. ఊళ్ళో ఎవరూ ఏమీ అనకపోతే నేనెందుకంటా" అన్నాడు. ఊరు అనగూడదు. నా పోక అంతా దానిమీద ఆధారపడింది.

మర్నాడు అమ్మ ముందు రోజు ఎండబెట్టిన చేపతో విడవలూరు పోయింది. నాయనా అన్నా తెప్పమీద పోయినారు. నన్ను దరి మీద కూర్చోబెట్టి జుట్టు విరబోసి, ఇసక చల్లినారు. నా వెనకాల ఊరి ఆడోళ్ళందరినీ కూర్చోబెట్టి వాళ్ళ జుట్లు కూడా విప్పించినారు. ఎండ నిట్టనిలువుగా ఉంది, ముఖం మీద నీడ నల్లగా పడతా ఉందని కెమెరా ఆయన గొణిగినాడు. అందుకని నా నెత్తిమీద పెద్ద తెల్లగుడ్డ పందిరి మాదిరి పరిచి, నాలుగు మూలలా వెదురుగెడలకు కట్టి, మనుషులను పెట్టి పట్టించినారు. ఆ గుడ్డ గుండా వెలుతురు మెత్తగా దిగింది.

ఇప్పుడు చదివేవాళ్ళకు ఇంత తేటగా కనపడేది ఆ పొద్దు మాకు ఒక్కరికీ కనపడలా. తెల్లగుడ్డ ఎత్తడం అంటే మా లెక్కలో దిబ్బమీద ఒక గెడ, దానికొక పంచె. ఇది చూస్తే పెళ్ళి పందిరి మాదిరి ఉంది. పైగా దరి కాచుకోని చూడాల్సిన పెదకాపు పౌడరు పూసుకోని పడవమీద కూర్చోని, కెమెరాను చూడగూడదని చెప్పినారు కాబట్టి కాళ్ళు చూసుకుంటా ఉన్నాడు. మేమంతా కెమెరాను చూస్తా ఉన్నాం. మా పాళెపోళ్ళలో సముద్రాన్ని చూసే కన్ను ఒక్కటి లేదు.

కెమెరా తిరిగింది. నేను మొదలుపెట్టినా. ఏం తలుచుకోవాలో ఎవరూ చెప్పలా. నేను గొంతు బిగబట్టినా, అంతే. గొంతు బిగిస్తే మిగతాదంతా తనే వస్తాది. అప్పుడే సముద్రపు గాలి లేచింది. ముందు వైపు గెడలు పట్టుకున్న ఇద్దరి చేతుల్లోంచి గుడ్డ ఊడిపోయి, వెనక గెడలకు నిలువుగా లేచి టపటపా కొట్టుకుంటా నిలబడింది. "వెలుతురు మారింది, అయినా బాగుంది, తిప్పండి" అని డైరెక్టరు చెప్పడం వినపడింది. నేను ఆపలా. ఆపమన్నదాకా ఆపగూడదని నాకు చెప్పినారు.

నీళ్ళతో తడిసిన కళ్ళతో నేను వెనక్కి తిరిగి చూసేటప్పటికి తెప్పలన్నీ దరివైపు వస్తా ఉండాయి. రోజూ వచ్చే మాదిరి ఒకదాని వెనక ఒకటి కాదు. అన్నీ ఒక్కసారిగా, తెరచాపలు దించేసి, తెడ్లతో. ఒక్క తెప్పమీదా చేప లేదు. ఒక దాని పక్కన కోసిన వల కొస వేలాడతా ఉంది. అప్పుడర్థమయింది నాకు. నోరు తెరిచే ఉంది, గొంతు మాత్రం రాలా, నేను ఆపుకోని కాదు.

నాయన తెప్ప ఇసక తగలకముందే దూకినాడు. మొల లోతు నీళ్ళలో పడతా లేస్తా వచ్చినాడు. ఆయనకు కనపడింది ఏంది? దిబ్బ దగ్గర తెల్లగుడ్డ. జుట్లు విరబోసుకోని ఊరి ఆడోళ్ళు. వాళ్ళ నడుమ, ఇసక పూసుకోని, శబ్దం లేకుండా ఏడుస్తా ఆయన కూతురు. అమ్మ ఆ గుంపులో లేదు.

"అమ్మా? మీ అమ్మా?" అన్నాడు నా భుజాలు పట్టుకోని.

నేను తల అడ్డంగా ఊపినా. "ఎవురూ పోలా నాయనా. సినిమా."

ఆయన నన్ను వదిలేసి ఇసకలో కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోని ఎగశ్వాస తీస్తా ఉండిపోయినాడు. ఆయన చుట్టూ మగోళ్ళు ఇల్లిల్లూ పేరు పెట్టి అరుస్తా పరిగెత్తతా ఉంటే, ఆడోళ్ళు "ఎవురికీ ఏమీ కాలేదు, ఎవురికీ ఏమీ కాలేదు" అని చేతులూపుతా ఎదురుపోయినారు. కెమెరా ఆయన మాత్రం ఆపలా. తర్వాత తెలిసింది, నాయన నీళ్ళలో పరిగెత్తింది మొదలు కూర్చునేదాకా అంతా తీసేసినాడని.

సాయంత్రం గంగమ్మ పందిట్లో ఊరు కూర్చుంది. డైరెక్టరు కూడా వచ్చి చేతులు కట్టుకోని నిలబడినాడు. తెలియక జరిగిందని చెప్పినాడు. ఇకమీద దరి మీద తెల్లగుడ్డ ఎత్తబోమని ఒప్పుకున్నాడు. ఆయనతో ఎవరికీ పెద్ద గొడవ లేదు. బయట మనిషి. గొడవంతా నాతోనే.

"మద్రాసోళ్ళకు తెలియదు. దీనికి తెలియదా?" అన్నాడు వల కోసుకున్నాయన.

"దీని నెత్తిమీద కట్టిన గుడ్డ అది. పైకి చూస్తే మెడ విరిగిపోయేదా?" ఇంకొకాయన.

పెదకాపు గొంతు సవరించుకున్నాడు. పౌడరు ఇంకా చెవుల దగ్గర తెల్లగా ఉంది.

"ముందు ముఖం కడుక్కోని రా కాపా" అనింది మేనత్త ఆడోళ్ళ వరసలోంచి. "తీర్పు నువ్వు చెప్తావా, కంపెనీ చెప్తాదా?"

నవ్వినోళ్ళు నవ్వినారు. పెదకాపు తుండుగుడ్డతో చెవులు తుడుచుకున్నాడు. మా నాయన అప్పుడు లేచినాడు. ఆయన పందిట్లో మాట్లాడడం నేనెప్పుడూ వినలా.

"నా బిడ్డ గొంతెత్తలా. తెప్పలు లోపలుండగా ఏడవగూడదన్న మాట అది దాటలా. గుడ్డ అది ఎత్తలా. ఏ కట్టుబాటు దాటిందో చెప్పండి, నా తెప్ప నేనే ఇసక మీద పెట్టుకుంటా."

పెదకాపు నన్ను పిలిచి ముందర నిలబెట్టినాడు.

"మద్రాసు పోవాలనుందా నీకు?"

"ఉంది" అన్నా.

"పో. కూడు దొరికే పని ఏదైనా చెడ్డది కాదు. కానీ బిడ్డా, ఈ పొద్దు నిన్ను చూసి మీ నాయన గుండె ఆగిపోవాల్సింది. ఆయన నీ ఏడుపు నమ్మినాడు. అది ఉత్తదని తేలింది. రేపు నువ్వు ఈ దరి మీద ఏడిస్తే ఊరు దాన్ని నమ్మాల్నా, నమ్మగూడదా? మాకు ఆ ఎంచుకోవడం వద్దు. నీ ఏడుపు మద్రాసులో అమ్ముకో. ఈ పాళెంలో మాత్రం ఇంక నువ్వు ఏడవగూడదు. నిజంగా వచ్చినా సరే. ఏడిస్తే మీ తెప్ప ఇసక మీదే."

అది దురాయి. నేను నాయన ముఖం చూసినా. ఆయన సరేనన్నట్టు తలూపినాడు. నాకు అప్పుడు ఆ మాట పెద్దగా బరువనిపించలా. ఈ ఇసక మీద ఏడవగూడదు, అంతే గదా అనుకున్నా. వయసు అట్లాంటిది.

మద్రాసులో కోడంబాక్కంలో ఒక పెంకుటింట్లో చిన్న గది తీసుకున్నా. నాతో పాటు జుట్లు దువ్వే పని చేసే ఆమె ఒకతె ఉండేది, గుంటూరు వైపు మనిషి. నాకు చదువు రాదు కాబట్టి మాటలు ఒకసారి చదివి వినిపిస్తే పట్టుకునేదాన్ని. డైరెక్టర్లు మాట మారిస్తే తడబడేదాన్ని. అది చూసి ఆ దువ్వెనామె కనుబొమ్మల పెన్సిలుతో మేకప్ అద్దంమీద అక్షరాలు రాసి దిద్దించేది. షాట్ పిలిస్తే తుడిచేసేది. అట్లా రాసీ తుడిచీ కొన్నేళ్ళకు వచ్చినాయి. నాకు పెద్ద వేషాలు రాలా. వితంతువు, బిడ్డ పోయిన తల్లి, జైలుకు పోయినోడి పెళ్ళాం. శబ్దం లేకుండా ఏడ్చే మనిషి కావాలంటే కారు పంపేవాళ్ళు. కడుపుకు లోటు లేదు. నడినెత్తిన జుట్టు తిరిగి మొలిచింది.

మా దరి మీద తీసిన సినిమా విడవలూరు డేరా టాకీసుకు వచ్చినప్పుడు నేను ఊళ్ళో ఉన్నా. మొదటి ఆటకు పాళెం పాళెమంతా నడిచిపోయినాం. నా ఏడుపు వచ్చింది. దానికి మద్రాసులో ఎవరో ఆడమనిషి గొంతు కలిపినారు, నాది కాదు. ఆ వెంటనే నాయన నీళ్ళలో పడతా లేస్తా వచ్చినాడు. కథలో ఆయన నా మామ, కొడుకును పోగొట్టుకోని వస్తున్నాడు. నాయన నా పక్కన ఇసకలో కూర్చోని ముందుకు వంగి చూసినాడు.

"నేనట్టనా పరిగెత్తింది?" అన్నాడు.

"అట్టనే నాయనా."

"కాళ్ళింకా బాగుండాయి" అన్నాడు. ఇంటి దగ్గరకు వచ్చినాక, "నువ్వు భలే చేసినావు బిడ్డా. నేను మళ్ళీ నమ్మినా" అన్నాడు.

ఆ దురాయి బరువు మా అవ్వ పోయినప్పుడు తెలిసింది. నన్ను పెంచిన మనిషి. అందరూ ఆమె మీద పడి ఏడుస్తా ఉంటే నేను గుంజకు ఆనుకోని నిలబడినా. శబ్దం లేకుండా ఏడుస్తే ఎవరికి తెలుస్తాదని మీరనుకుంటారు. శబ్దం లేని ఏడుపే గదా ఆ పొద్దు ఊరిని ముంచింది. నా కన్ను తడవగూడదు. మా అన్న అప్పటికి పెళ్ళి చేసుకోని నాయన తెప్పమీదే బతుకుతా ఉన్నాడు. మా పాళెం పొలిమేర ఒక ఉప్పుకాలవ. నేను నీళ్ళకు పోతున్నట్టు బిందె తీసుకోని కాలవ దాటి, సరుగుడు తోపులో కూర్చోని ఏడ్చి, కాలవలో ముఖం కడుక్కోని తిరిగొచ్చినా. మేనత్త నా ముఖం చూసి బిందె అందుకుంది. బిందెలో నీళ్ళు లేవు. ఆమె ఆ సంగతి ఎవరితో అనలా.

తర్వాత ఊరికి పోయినప్పుడల్లా నన్ను మనసారా పలకరించేవాళ్ళు. వంజరం ముక్కలు పెట్టి తినమనేవాళ్ళు. కానీ ఎవరింట్లో చావు జరిగినా నాకు మాత్రం కబురు చేసేవాళ్ళు కాదు. కబురు చేస్తే నన్ను నిలబెట్టి చూడాల గదా, వాళ్ళకూ కష్టమే. అట్లా పాళెంలో సగం నాకు మూసుకుపోయింది.

అరవైలు ముగిసే వేళకు నాయన పోయినాడు. సముద్రం మీద కాదు, మంచం మీద, జొరంతో. ఆ రోజు నాది నవ్వించే వేషం, ఎప్పుడో గాని దొరకదు. షాట్ అయినాక కబురు చెప్పినారు. ముందే చెప్పుంటే బాగుండేదని నేను అనలా, వాళ్ళ పని వాళ్ళది. రైలు ఎక్కి నెల్లూరు, ఆడినుంచి బస్సులో విడవలూరు. దారంతా ఏడ్చేసినా. ఉప్పుకాలవ దగ్గర ముఖం కడుక్కున్నా, కొంగుతో గట్టిగా తుడుచుకున్నా, దాటినా.

నాయనను పాడె మీద పెట్టి దరి మీదకు తెచ్చి ఉంచినారు, నా కోసం ఆపి. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చోనుంది. అన్న నావైపు చూసి చూపు తిప్పుకున్నాడు. వాడి కళ్ళలో భయం కనపడింది నాకు, నేనెక్కడ ఏడుస్తానో అని. నేను నాయన తల దగ్గర కూర్చున్నా. చెయ్యి పట్టుకున్నా. వల తాళ్ళు కోసిన గీతలు అట్లే ఉండాయి. నా గొంతు బిగుసుకుంది. గొంతు బిగిస్తే మిగతాదంతా తనే వస్తాదని చెప్పినా గదా. అది రాకుండా దిబ్బమీద గెడకు కట్టిన పంచె వైపు చూస్తా ఉండిపోయినా. ముందురోజు తెప్పలను పిలవను ఎత్తింది కాబోలు, గాలి లేక వాలిపోయి ఉంది.

ముసలాయనైపోయిన పెదకాపు కర్ర పట్టుకోని వచ్చి నా ఎదురుగా నిలబడినాడు.

"తెప్పలన్నీ దరి మీదే ఉండాయి బిడ్డా. చూసినావా?"

చూసినా. ఊరి తెప్పలన్నీ వరసగా ఇసక మీద ఉండాయి. మా తెప్ప కూడా.

"ఈ పొద్దు ఎవురూ నీళ్ళమీదకు పోలా. ఈయన తెప్ప ఎట్లాగూ ఇసక మీదే, మిగతావీ ఇసక మీదే. దురాయికి ఇంక పనిలేదు." ఆయన చుట్టూ చూసి, ఊరికంతా వినపడేటట్టు గొంతు పెంచి, "ఎత్తేసినాం. ఏడువు" అన్నాడు.

అన్నారు గదా అని వెంటనే వస్తాదా? కెమెరా ముందర చెప్పగానే వచ్చేది ఆడ రాలా. నోరు తెరిచినా. ముందు దగ్గు వచ్చింది. తర్వాత ఇన్నాళ్ళూ నాకు నేనే వినని గొంతొకటి బయటికి వచ్చింది, బొంగురుగా, తెగిపోతా తెగిపోతా. ముక్కు కారింది. పక్కకు ఒరిగిపోయి మోచెయ్యి ఇసకలో కూరుకుపోయింది. ఆ ఏడుపును ఏ డైరెక్టరూ ఓకే చెయ్యడు.

మేనత్త వచ్చి నన్ను పట్టుకుంది. పళ్ళన్నీ ఊడిపోయినాయి ఆమెకు, నోరు మాత్రం అదే.

"ఇదేం ఏడుపే? సినిమాలో అంత బాగా ఏడుస్తావు, ఈడ గొడ్డు అరిచినట్టు అరస్తావేందే!"

అంటా ఆమె కూడా ఏడుస్తానే ఉంది. నేను ముక్కు చీదుకోని మళ్ళీ మొదలుపెట్టినా.